ఇరవయ్యొక్క నిమిషాల అబద్ధం

గన్నవరం నుంచి విశాఖపట్నం విమానాశ్రయానికి ఆకాశమార్గాన సుమారు 290 కి.మీ. జెట్ విమానం గంటకి 830 కి.మీ. పోతుందనుకుని భాగిస్తే 21 నిమిషాలు. నెట్‌లో ఊళ్ళ మధ్య దూరాలు చెప్పే సైట్లు చాలావరకు చేసేది ఇంతే. అక్షాంశాలు, రేఖాంశాలు, ఒక భాగహారం!

విమానం రన్‌వే దాకా పాకాలనీ, పైకెక్కాలనీ, దిగేముందు వేగం తగ్గించాలనీ ఆ భాగహారానికి తెలీదు. అందుకే టైమ్‌టేబుల్లో ఇదే దూరానికి దాదాపు గంట వేస్తారు. సరే, గంటే అనుకుందాం. నా గొడవ ఆ తేడా గురించి కాదు. అసలు కొలవాల్సింది అది కాదని.

మన భాషలో చెప్పాలంటే ఇది పింగ్ టైమ్ చూపించి అప్లికేషన్ ఫాస్ట్ అని డబ్బా కొట్టుకోవడం. యూజర్‌కి కావాల్సింది బటన్ నొక్కినప్పట్నుంచి పేజీ వచ్చేదాకా పట్టే టైమ్. ఇంటి గుమ్మం నుంచి లెక్కెయ్యండి. విశాఖలో విమానాశ్రయానికి గంట, చెకిన్‌కీ సెక్యూరిటీకీ గంటన్నర, విమానంలో గంట, సామాను తీసుకుని బయటపడి విజయవాడ చేరడానికి ఇంకో గంట. మొత్తం నాలుగున్నర. భోగాపురం విమానాశ్రయమైతే ఇంకా చిత్రం. విజయవాడ వెళ్ళడానికి ముందు విజయనగరం వైపు 40 కి.మీ. పైన వెనక్కెళ్ళాలి :)

"అయితే రైలెక్కొచ్చుగా" అంటారు. నిజమే, 2023 జనవరిలో మొదలైన వందే భారత్ ఈ దూరం నాలుగు గంటల పైచిలుకులో దాటేస్తుంది. కానీ దానికి వారానికో రోజు సెలవు. మన పనులు సెలవు చూసుకుని రావుగా!

అసలు ప్రశ్న ఇది: పొద్దున వెళ్ళే విమానం ఉందా, సాయంత్రం తిరిగొచ్చేది ఉందా? 2025 ఏప్రిల్‌లో విశాఖ నుంచి ఉదయం విమానాలు ఆగిపోతే భీమిలి ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు గారు హైదరాబాద్ మీదుగా గన్నవరం వెళ్ళారు. మధ్యాహ్నానికి గానీ చేరలేదు. 290 కి.మీ. పోయి దాదాపు 775 కి.మీ. అయింది. ఎమ్మెల్యే కాబట్టి వార్తయింది. శ్రీకాకుళం నుంచి అమరావతి హైకోర్టుకి వెళ్ళే కక్షిదారుడి సంగతి ఎవరు రాస్తారు? వాయిదా పది నిమిషాలు, దానికి రెండు రోజులూ ఒక లాడ్జి గదీ.

కాబట్టి నాయకులు కొత్త టెర్మినళ్ళ ఫొటోలు, విమానాశ్రయాల సంఖ్య చూపించినప్పుడు మనం అడగాల్సింది ఒకటే. పొద్దున వెళ్ళి పని చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికి రాగలమా? ఏడాది పొడుగునా, ఏ వారమైనా? ఔనంటే ఆ రెండు ఊళ్ళూ దగ్గర. కాదంటే సైట్లో ఎన్ని నిమిషాలు చూపించినా దూరమే.