సివిలా, పొలైటా, కైండా?

పోయినేడు నేను రాసిన ఒక్క ఇంగ్లీషు మాట ఒక కుర్రాడి రేటింగు తగ్గించింది. మా టీములో వాడంత ఓపిక ఎవరికీ లేదు. క్లయింటు ఎంత చిరాకు పడ్డా గొంతు పెంచడు. అప్రైజల్లో నేను మెచ్చుకుంటూనే, క్లయింట్లతో ఎప్పుడూ "సివిల్"గా ఉంటాడని రాశాను. సభ్యత గలవాడు అనే కదా అర్థం! అది చదివిన అమెరికా మేనేజరు "ఏమైనా గొడవ జరిగిందా?" అని అడిగాడు. పోట్లాడుకున్నవాళ్ళు పైకి మాత్రం సరిగ్గా మాట్లాడుకుంటే వాడే మాటట అది. నేను సర్దిచెప్పేలోపే రేటింగులు ఖాయమైపోయాయి. "అన్నా, నేనేం తప్పు చేసిన?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తప్పు నాదే. కొంత మన డిక్షనరీలది కూడా. సివిల్, పొలైట్, కర్టియస్ - అన్నిటికీ "మర్యాదగల" అని రాసి చేతులు దులుపుకుంటాయి. నిజానికి సివిల్ అంటే తిట్టకపోతే చాలు. పొలైట్ అంటే పైకి నునుపు. లాటిన్‌లో దాని మూలానికి అర్థమే మెరుగు పెట్టడం. కర్టియస్ రాజుగారి కోర్టు నుంచి వచ్చింది, ఎదుటివాడికి కాస్త శ్రమపడి గౌరవం ఇవ్వడం. మనకీ సభ నుంచి సభ్యత, నగరం నుంచి నాగరికత వచ్చాయి కదా, అలాగన్నమాట. (పల్లెటూరి నుంచి ఒక్క మర్యాద మాటా పుట్టలేదు, గమనించారా?)

అసలు చిక్కు కైండ్‌తో. అది మంచి మాటే, కానీ తరచూ పైనున్నవాడు కిందివాడికి ఇచ్చేది. ఈ తేడా మా డోర్నకల్ బిషప్పు అజరయ్యగారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. తిరునల్వేలి వైపు తమిళుడు, 1909లో మా ఊరొచ్చి తెలుగు నేర్చుకుని పనిచేశాడు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తెల్లదొరల ముందే, మీ త్యాగాలు మేం కాదనం, కానీ మాకు కావలసింది స్నేహితులు అన్న సారాంశంతో మాట్లాడాడు. వాళ్ళ మంచితనంలో పెద్దరికం ఉందని, తోటి పనివాళ్ళని సమానంగా చూడట్లేదని ఆయన బాధ. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆశ్చర్యమేముంది, కైండ్‌గా ఉన్నామనుకునేవాళ్ళకి ఫ్రెండ్లీగా లేరని చెబితే రాదూ! 1912లో ఆయనే ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు.

అందుకే నా గొడవ: "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని మెయిల్ రాసేవాళ్ళు ఒక్కసారి ఆగాలి. అది విన్నపంలా మొదలై హుకుంలా వినిపిస్తుంది, ముఖ్యంగా పైవాడు రాస్తే. మన "దయచేసి" కూడా అంతే. మా జంక్షన్‌లో ఆ మాట మైకులోనే విన్నాను, "దయచేసి వినండి" అని. ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. మా నాయనమ్మ వచ్చినవాళ్ళకి "కూసో బిడ్డా, చాయ్ తాగు" అనేది. అందులో ప్లీజూ లేదు, అండీ లేదు. దాన్ని పొలైట్ అనలేం, సివిల్ అంటే ఆవిడకి అవమానం. ఫ్రెండ్లీ అంటే కొంచెం దగ్గరికొస్తుంది.

ఈ ఏడాది మళ్ళీ అప్రైజల్ వచ్చింది. కర్టియస్ అని రాద్దామనుకుని, అదీ కొట్టేశా. క్లయింటు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అరిస్తే వాడు మొత్తం విని, తెల్లారేసరికి తప్పెక్కడుందో కనిపెట్టి పంపాడని రాశాను. మేనేజరు ఈసారి ఏమీ అడగలేదు.