మే నెలలో జీతం లేని పని

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ పని మార్చి పరీక్షలతో అయిపోతుంది. కాగితం మీద అంతే. చెప్పిన పీరియడ్లకు లెక్కగట్టి డబ్బులిస్తారు. పీరియడ్లు లేని నెలకు ఏమీ రాదు. కాలేజీలు తెరిచి, కొత్త ఉత్తర్వు వచ్చాక మళ్ళీ రమ్మంటారు. ఈలోపే ఇంటర్ ఫలితాలు వస్తాయి. ఈఏపీసెట్ వస్తుంది (మా ఊళ్ళలో ఇంకా ఎంసెట్ అనే అంటారు). డిగ్రీకి దోస్త్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ, అన్నీ ఆ రెండు మూడు నెలల్లోనే మీద పడతాయి. ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేని పిల్లలు అప్పుడు ఫోన్ చేసేది ఆ లెక్చరర్‌కే. ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలమంతా చూశాను, ఆ ఫోన్ ఎత్తనివాళ్ళు అరుదు. రోల్స్‌లో లేని మనిషి, జీతం లేని నెలలో, తన డేటా వాడి, తన బండిలో పెట్రోలు పోసుకుని చేసే ఈ పనికి ఏ రిజిస్టర్‌లోనూ చోటు లేదు. నా బాధంతా అదే.

సీటంటే ర్యాంకు ఒక్కటే అనుకునేవాళ్ళకు ఈ పనేమిటో తెలియదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. ఆధార్‌కు లింకైన నంబరు నాన్నది. ఆయన బొంబాయిలో మేస్త్రీ పనిలోనో, దుబాయ్‌లోనో ఉంటాడు. ఓటీపీ అక్కడికి పోతుంది. ఆయన పని మీద నుంచి దిగి చూసుకునేసరికి దాని గడువు తీరిపోతుంది. లోకల్ కోటాకు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. అమ్మానాన్నలతో వలసపోయిన ఏడాది ఆ పిల్లవాడు ఏ బడిలో కూర్చున్నాడో, ఆ బడి రికార్డు ఎక్కడుందో ఎవరు వెతకాలి? మీసేవలో ఇచ్చే బీసీ సర్టిఫికెట్ రాష్ట్ర కౌన్సెలింగ్‌కు సరిపోతుంది. ఐఐటీ, ఎన్ఐటీలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. అది కేంద్రం నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఇది తెలియక, రిజర్వేషన్ ఉండి కూడా ఓపెన్ కేటగిరీలోకి జారిపోయే పిల్లలుంటారు. మంచి ర్యాంకు తెచ్చుకుని, వెబ్ ఆప్షన్లలో మూడే మూడు కాలేజీలు పెట్టి, సీటు రాక ఏడ్చే పిల్లలు ఏటా ఉంటారు. పక్కన కూర్చుని "ఇంకో ఇరవై పెట్టరా, పెడితే పోయేదేం లేదు" అనే మనిషి ఉంటే ఆ ఏడుపు ఉండదు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. సీటు వచ్చింది హైదరాబాద్‌లో. ఇంట్లో పంపేది లేదంటారు. మా కాలేజీలో పనిచేసిన ఒక మేడం అలాంటి ఇళ్ళకు సాయంత్రాలు, కూలికి పోయినవాళ్ళు తిరిగొచ్చే వేళకు వెళ్ళేది. నాన్నతో కాదు, ముందు నానమ్మతో మాట్లాడేది. హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో, మెస్ బిల్లు ఎంతవుతుందో, స్కాలర్‌షిప్ పడేదాకా చేతి నుంచి ఎంత పెట్టుకోవాలో దాచకుండా చెప్పేది. "నా బిడ్డనైతే పంపుత అవ్వా" అనేది. ప్రైవేటు కాలేజీ పీఆర్వోలు అప్పటికే ఆ ఇంటికి వచ్చిపోయి ఉంటారు. అందుకే లేచేముందు తప్పకుండా ఇంకో మాట చెప్పేది: "బిడ్డా, ఒరిజినల్స్ ఎవరి చేతిల పెట్టకు. జిరాక్సులే ఇయ్యి." ఆ ఒక్క మాట వల్ల ఎంతమంది తమకిష్టమైన కాలేజీలో చేరగలిగారో నేను కళ్ళారా చూశాను. ఆమె పేరు పై ఆఫీసుకు రాసి పంపితే, వాళ్ళు అడిగింది ఆమె సబ్జెక్టులో పాస్ పర్సంటేజీ ఎంతని. ఆ కాగితం అక్కడితో ఆగింది.

పక్కన మనిషి లేకపోతే ఏమవుతుందో 2024లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లో ముజఫర్‌నగర్ జిల్లా దళిత కుర్రవాడు అతుల్ కుమార్‌కు ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. తండ్రి దినసరి కూలీ. కట్టాల్సింది 17,500 రూపాయలు. ఊళ్ళోవాళ్ళు తలా కొంత వేసి డబ్బు సమకూర్చేసరికి గడువు ముంచుకొచ్చింది, చివరి నిమిషాల్లో చెల్లింపు పూర్తి కాలేదు. సీటు పోయింది. సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద తన విశేషాధికారాన్ని వాడి సీటు ఇప్పించాల్సి వచ్చింది. అంత దూరం పోగలిగిన పిల్లలు ఎందరు? మన జిల్లాల్లో అంతకంటే చిన్న కారణాలకే సీట్లు పోతాయి. పోకుండా ఆగినవి కూడా ఉన్నాయి. ముందురోజే ఎవరో ఒక లెక్చరర్ తన ఫోన్ నుంచి డబ్బు కట్టి, తర్వాత ఇద్దువులే అన్నందువల్ల ఆగాయి. అవి వార్త కావు.

ఇలాంటి పిల్లల గురించి మన దగ్గర ఆలోచన లేదని నేననను. పి.వి. నరసింహారావు పూనికతో 1971లో సర్వేల్‌లో తొలి గురుకులం తెరిచారు. పేదింటి చురుకైన బిడ్డకు తిండి, నీడ, చదువు ఒక్కచోట దొరకాలని అప్పుడే అనుకున్నారు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల పిల్లలకు గ్రేడ్ పాయింట్ల సగటు మీద 0.4 కలిపి సీట్లిచ్చారు. గొప్ప పని. ఆ బిడ్డ ఎంత వెనుక నుంచి పరుగు మొదలుపెట్టిందో దశాంశం దాకా లెక్కగట్టిన ప్రభుత్వానికి, ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్ళ శ్రమను లెక్కగట్టడం ఎందుకు చేతకాదు?

ఫలితాల మర్నాడు పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా కార్పొరేట్ కాలేజీల ర్యాంకులు, ఫొటోలు. డబ్బు పెట్టి వేయించుకునే ప్రకటనలు అవి, వాళ్ళిష్టం. కానీ తల్లి కూలికి పోతూ చదివించిన పిల్ల ఉస్మానియాలోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో చేరితే, ప్రభుత్వమే ఇచ్చే ప్రకటనలో కూడా పథకం పేరుంటుంది, మంత్రి ఫొటో ఉంటుంది. ఆ పిల్ల అప్లికేషన్ నింపినవాళ్ళ పేరు ఉండదు. పేరు లేకపోయినా వాళ్ళేమీ అడగరు. అడిగితే వచ్చే ఏడాది రెన్యువల్ ఏమవుతుందోనని భయం. అది కూడా నాకు తెలుసు.

అందుకే వాళ్ళ తరఫున నేను అడుగుతున్నాను. శాలువాలు వద్దు. గెస్ట్ లెక్చరర్ల కొనసాగింపు ఉత్తర్వు కౌన్సెలింగులు అయ్యాక కాదు, ఇంటర్ ఫలితాలకు ముందే రావాలి. ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో, ప్రతి గురుకులంలో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అడ్మిషన్ల పనికి ఒక మనిషిని పేరు పెట్టి నియమించాలి, ఆ ఐదు నెలలకూ పూర్తి జీతం, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. గడువు రోజు ఫీజు కట్టలేని పిల్లల కోసం ప్రిన్సిపాల్ చేతిలో కొంత డబ్బు ఉంచాలి. కాలేజీ తనిఖీకి వచ్చే అధికారి పాస్ పర్సంటేజీతోపాటు, పాసైనవాళ్ళలో ఎందరు ఎక్కడ చేరారు, వాళ్ళను చేర్పించింది ఎవరు అని కూడా అడిగి రాసుకోవాలి.