బల్ల మీద గ్రహశకలాలు

2012లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ సంస్థ ‘స్టార్ వార్స్: ఎక్స్-వింగ్’ ఆటను తెచ్చినప్పుడు, రంగులద్దిన బుల్లి నౌకలు పెట్టెలోనే వచ్చాయి. గ్రహశకలాలు మాత్రం ఉత్త అట్టముక్కలు. మూడడుగుల చదరంలో సాగే ఆ ఆటలో వాటి పని చిన్నది కాదు. వాటి మీదికి వెళ్లిన నౌక పాచిక వేయాలి, దెబ్బ తినొచ్చు. కాల్పులకు అడ్డొస్తే ఎదుటి నౌకకు రక్షణ పాచిక ఒకటి ఎక్కువ దక్కుతుంది. అంత పని చేసే రాయికి ఎత్తూ గరుకూ లేకపోతే ఎలా? ఆటగాళ్లు చాకు పట్టారు.

ప్యాకింగ్‌లో వచ్చే థర్మాకోల్ ముక్క చాలు. అంచులు విరిచి, చెంచా వెనకవైపుతో నొక్కి గుంటలు చేయాలి. నేరుగా స్ప్రే రంగు కొడితే అందులోని ద్రావకం థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. అందుకే ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్ పూత వేసి ఆరనివ్వాలి. ఆపైన నలుపు. చివర్లో, దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో బూడిదరంగును తేలిగ్గా రాస్తే మిట్టలకే అంటుతుంది, గుంటల్లో నలుపు నిలుస్తుంది. థర్మాకోల్ రాయిగా మారేది అప్పుడే!

నిజమైన గ్రహశకలాల్లో నమూనాలకు కొదవ లేదు. జపాన్ నౌక హయబుసా 2005లో చేరిన ఇటొకావా ఒంటినిండా బండరాళ్లే. 2020లో నాసా నౌక మట్టి తీసిన బెన్ను బొంగరం ఆకారంలో ఉంటుంది. తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతమే తిప్పి పంపుతుంది. కనుక బూడిదరంగు ముదురుగా ఉంటేనే సబబు.

నిబంధనలు కొలిచేది అట్టముక్క అంచునే. రాయిని ఆ అంచు దాటకుండా అతికించండి. తయారయ్యాక ఫొటో మాకూ పంపండి.