కోచింగ్ అంటే ట్యూషన్ ఒక్కటే కాదు

మన బరంపురంలో కోచింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది నీట్, బ్యాంకు పరీక్ష, రైల్వే పరీక్ష. ఏ వీధి చూసినా ఆ బోర్డులే. అందుకే నలభై దాటిన వాళ్లకి కూడా కోచింగ్ ఉంటుందంటే మనవాళ్లు నవ్వుతున్నారు. నవ్వితే తప్పులేదు. కానీ నవ్వి వదిలేసే సంగతి కాదని మా అభిప్రాయం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

ప్రతి వీధిలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. తెలివైనవాడు, మాటకారి, ఎవరికి కష్టమొచ్చినా ముందు పరిగెత్తేవాడు. కానీ చేతిలో డబ్బున్నా కరెంటు బిల్లు గడువు దాటాకే కడతాడు. స్కూటర్ తాళం రోజూ వెతుకుతాడు. ఐదు పనులు మొదలెట్టి ఒక్కటీ ముగించడు. మూడో ఉద్యోగం కూడా నిలవలేదు. మనం వాడికి పెట్టిన పేర్లు: బద్ధకస్తుడు, బాధ్యత లేనివాడు. ఆడవాళ్లయితే మరీ అన్యాయం. పాలు రెండుసార్లు పొంగినా, పిల్లల ఫీజు తేదీ మరిచినా "సంసారం చేతకాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. వీళ్లందరికీ జబ్బుందని మేము అనడం లేదు. కొందరికి ఉంది, ఆ సంగతి వాళ్లకే తెలియదు.

ఆ జబ్బు పేరు ఏడీహెచ్‌డీ. మేము చదువుకున్నది తమిళ మీడియంలో. తమిళంలో దీనికి వాడే పేరు 'కవనక్కురైవు' అనే మాటతో మొదలవుతుంది. వాడుకలో ఆ మాటకి అర్థం అజాగ్రత్త. అంటే జబ్బు పేరులోనే తిట్టు కూర్చుంది! తెలుగులో అవధాన లోపం అంటున్నారు, కొంత నయం. కానీ ఇంట్లో కేకలేసేటప్పుడు అందరం అనేది అశ్రద్ధ అనే కదా.

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చారు. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు ఇది చిన్నతనపు జబ్బు, మీసాలొస్తే పోతుందనుకున్నారు. అందరికీ పోదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ గ్రంథం ఐదో కూర్పులో పెద్దవాళ్ల లెక్క సడలించింది. పిల్లలకి ఒక జాబితాలోని తొమ్మిది లక్షణాల్లో ఆరు ఉండాలంటే, 17 ఏళ్లు నిండినవాళ్లకి ఐదు చాలు. అయితే కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. కాబట్టి యాభయ్యో ఏట కొత్తగా మతిమరుపు మొదలైతే దాన్ని దీని ఖాతాలో వేయకండి. థైరాయిడా, నిద్ర చాలకా, దిగులా, తాగుడా అని ముందు డాక్టరు చూడాలి.

ఇంకో మాట. వీళ్లకి శ్రద్ధే లేదనడం కూడా తప్పు. పాత రేడియో విప్పుకుని కూర్చుంటే అన్నానికి కూడా లేవరు. రెండేళ్లకోసారి వచ్చే మన ఠాకురాణి యాత్రలో చూడండి, రాత్రంతా ఘటం వెంట తిరుగుతూ అందరికీ అన్నీ అందించేది తరచూ ఇలాంటి మనిషే. అక్కడ పని కళ్లెదుట ఉంటుంది, ఇప్పుడే చెయ్యాలి, పక్కన నలుగురుంటారు. అదే మనిషిని ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి, వచ్చే నెల 15కి ఇవ్వాల్సిన కాగితాలు ఇస్తే చేతులు ఆడవు. వాళ్లకి కాలం రెండే రకాలు: ఇప్పుడు, ఇప్పుడు కానిది.

ఇక్కడే కోచ్ పని. ఆయన పాఠం చెప్పడు, సలహాలూ పెద్దగా ఇవ్వడు, అడుగుతాడు. వారానికి అరగంట, ఎదురుగానో ఫోనులోనో. సూరత్‌లో ఉన్న మనవాళ్లకి ఫోనే గతి. ఈ వారం చేసే ఒక్క పని ఏది? అందులో మొదటి ముక్క ఏది? "ఇన్‌కంటాక్స్ చూడాలి" అంటే ఒప్పుకోడు. "మంగళవారం రాత్రి అన్నం తిన్నాక, టీవీ పెట్టకముందు, ముందుగదిలో బల్ల దగ్గర బ్యాంకు కాగితాలు ఒక కవర్లో వేస్తాను" అంటే ఒప్పుకుంటాడు. మధ్యలో చుట్టాలొస్తే ఎప్పటికి మారుస్తావని కూడా అడుగుతాడు. మంగళవారం రాత్రి "మొదలెట్టాను" అని ఒక్క మెసేజ్ పెట్టమంటాడు. జరగకపోతే తిట్టడు, ఎక్కడ ఆగిందో చూసి ముక్కని ఇంకా చిన్నది చేస్తాడు.

ఇంత చిన్నపని చెప్పడానికి ఇంకో మనిషా అంటారేమో. మేము రైల్వేలో గుమాస్తాగా బతుకు గడిపినవాళ్లం. రైల్వే ఎవరి జ్ఞాపకశక్తినీ నమ్మదు. ఒంటి లైను మీద టోకెన్ చేతికి రానిదే ఎంత అనుభవమున్న డ్రైవరైనా బండి కదపకూడదనేది పాత రూలు. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు స్టేషన్ మాస్టర్లు ప్రైవేట్ నంబరు మార్చుకుంటారు, రిజిస్టర్‌లో రాస్తారు. ఇంజన్లో ఇద్దరూ సిగ్నల్ చూసి ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. దీన్ని ఎవరూ అవమానం అనుకోరు. మరి మన ఇంటి మనిషికి ఆ ఏర్పాటు అడిగితే నామోషీ ఎందుకు?

కానీ ఆ పని ఇల్లాలి నెత్తిన పెట్టకండి. ఈ విషయంలో మేము గట్టిగా చెబుతాం. "ఆ కాగితాలు చూశారా" అని భార్య అడిగితే ఆయనకి వినిపించేది ఇరవై ఏళ్ల దెప్పిపొడుపులు. ఆయన కసురుకుంటాడు, ఆమె ఏడుస్తుంది, కాగితాలు అక్కడే ఉంటాయి. పాత బాకీలు లేని మనిషి అడగాలి.

కోచింగ్ వైద్యం కాదు. మందు అవసరమా కాదా అనేది మానసిక వైద్యుడే చెప్పాలి. మందు ఒక చోట కూర్చోబెట్టవచ్చు, ఏ పని ముందో అది చెప్పదు. 2010లో అమెరికాలో 86 మంది పెద్దవాళ్లతో చేసిన ఒక పరిశోధనలో, మందు వాడుతున్నా ఇబ్బందులు పోనివాళ్లకి పనులు పేర్చుకునే పద్ధతులు నేర్పితే, ఊరికే విశ్రాంతి పద్ధతులు నేర్చుకున్నవాళ్లకంటే మెరుగయ్యారు. అది మానసిక చికిత్సగా చేసినది. కోచింగ్ మీద ఇంత గట్టి పరిశోధనలు తక్కువ. పైగా మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. ముందే వేలకు వేలు కట్టమన్నా, మందు మానేయమన్నా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. మొదట మన మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం.

ఇక మన సంఘం చేయగలిగినది. హాలు మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఖాళీగానే ఉంటోంది. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా తీసి ఉంచుదాం. ఎవరి పెండింగ్ పని వాళ్లు తెచ్చుకోవాలి: బిల్లు, దరఖాస్తు, దుకాణం లెక్కలు ఏవైనా సరే. రాగానే ఏం చేస్తారో ఎదుటివాళ్లకి చెప్పాలి, వెళ్లేముందు ఏం చేశారో చెప్పాలి. మధ్యలో సలహాలు, రాజకీయాలు వద్దు. జబ్బుందా లేదా అని ఎవరినీ అడగం. ఎదుట కూర్చోవడానికి రిటైరైన మేము నలుగురం ఒప్పుకున్నాం, ఇంకో నలుగురు కావాలి, ఒకరిద్దరు ఆడవాళ్లుంటే మంచిది. టీ ఖర్చు మేము చూసుకుంటాం. రాదలచినవాళ్లు కింద కామెంట్‌లో రాయకండి, సెక్రటరీగారికి విడిగా చెప్పండి. తాళం ఆయన దగ్గరే ఉంటుంది.