శాలువా ఒక్కరికి కప్పితే సరిపోదు

పదవ తరగతి ఫలితాలు వెలువడిన పది రోజులకు మా గుంతకల్లులో సన్మాన సభల కాలం మొదలవుతుంది. షాదీఖానాలోనో, మసీదు పక్కనున్న హాలులోనో అసర్ నమాజు తరువాత కుర్చీలు వేస్తారు. వేదిక వెనుక ఫ్లెక్సీ కడతారు. అందులో పిల్లల ఫోటోలు తపాలా బిళ్లలంత, దాతల ఫోటోలు పళ్లెమంత ఉంటాయి. ఖురాన్ పఠనం, అతిథుల ప్రసంగాలు, మెమెంటోలు, శాలువాలు, చివర సమోసా, చాయ్. ఇటువంటి సభలను ఏర్పాటు చేసిన వారిలో మేమూ ఉన్నాము. చందా పుస్తకం పట్టుకొని వీధివీధీ తిరిగినవారమూ మేమే. కనుక ఈ వ్యాసం ఎవరినో ఎత్తిపొడవడానికి రాస్తున్నది కాదు.

అటువంటి ఒక సభలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక బాలికకు మైకు ఇచ్చి, నీకు చదువు చెప్పినవారి పేర్లు చెప్పమ్మా అని అడిగాము. అడగడం మా ఆనవాయితీ. పిల్లలు సాధారణంగా తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు కృతజ్ఞతలని ఒక ముక్క చెప్పి దిగిపోతారు. ఈ అమ్మాయి అలా చేయలేదు. మూడో తరగతిలో ఉర్దూ అక్షరాలు దిద్దించిన ఆపా, ఎనిమిదిలో సాయంత్రాలు బడిలోనే ఉంచుకొని లెక్కలు చెప్పిన తెలుగు మాధ్యమం సార్, మక్తబ్‌లో ఖాయిదా చెబుతూనే బడి ఎగ్గొట్టిన రోజున ఇంటికి కబురంపిన హాఫిజ్ సాబ్, సైన్సు బొమ్మలు గీయడం నేర్పిన పక్కింటి డిగ్రీ చదివే అక్క. ఒక్కొక్క పేరూ తలచుకొని చెప్పింది. ఆ నలుగురిలో ఒక్కరిని కూడా మేము సభకు పిలవలేదు. ముందు వరుస కుర్చీలన్నీ నాయకులవి. ఇంకొక విషయం ఆ తరువాత తెలిసింది. ఆ ఆపా, ఆ లెక్కల సార్ ఒకే పేటలో అయిదారేళ్లుగా పనిచేస్తున్నా, ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అవుతుంది. సిగ్గు మాత్రం పడ్డాము.

గుంతకల్లు రైలు ఊరు. 1956లో ఇక్కడ రైల్వే డివిజన్ ఏర్పడింది. దూరపు బండ్లకు ఇక్కడ డ్రైవరు, గార్డు మారతారు. దిగేవాడు ఎక్కేవాడికి ఇంజను స్థితి చెప్పి, పుస్తకంలో రాసి మరీ దిగుతాడు. బ్రేకు ఎలా ఉన్నది, దారిలో ఏమి ఇబ్బంది వచ్చింది, అన్నీ చెప్పవలసినదే. ఇది ఈ ఊరి పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి. మరి అయిదవ తరగతి ముగించి ఆరవ తరగతిలో అడుగుపెట్టే బిడ్డను ఒక బడి మరొక బడికి అప్పగించేటప్పుడు ఏమి చెబుతున్నది? ఒక టి.సి. కాగితం. దానిలో పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు ఉంటాయి. ఈ పిల్లకు హెచ్చవేత వచ్చును, భాగాహారం రాదు, నలుగురిలో నోరు విప్పదు, ఎండాకాలంలో తల్లితో పాటు వలస పోతుంది అన్న సంగతులు ఎక్కడా ఉండవు.

మన పిల్లల విషయంలో ఈ అప్పగింత మరింత కష్టమైనది. ఇంట్లో దక్కనీ మాట్లాడతారు. బడి పుస్తకంలో ఉర్దూ వేరు. వీధిలో తెలుగు. పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు. దూదేకుల ఇళ్లలో తెలుగే మాతృభాష కనుక వారి పిల్లల ఇబ్బంది మరొక తీరున ఉంటుంది. ఉర్దూ మాధ్యమంలో అయిదు చదివిన బిడ్డకు భిన్నం అంటే కసర్. లవం షుమార్ కునిందా, హారం నసబ్ నుమా. ఆరవ తరగతిలో ఒక పుట తెలుగులో, ఒక పుట ఇంగ్లీషులో ఉన్న పుస్తకం చేతికి వస్తుంది. అందులో లవం, హారం అని ఉంటే పాప బిక్కమొగం వేస్తుంది. సార్ ఏమనుకుంటారు? ఈ పిల్లకు లెక్కలు రావు అనుకుంటారు. లెక్క వచ్చును, మాట రాదు. ఈ తేడా చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు, అయిదవ తరగతి ఆపా. ఆమెను అడిగేవారు లేరు.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానివేసినవారో అని ఆ నివేదిక తేల్చింది. మదర్సాలకు పోయే పిల్లలు నూటికి ముగ్గురు నలుగురికి మించి లేరని కూడా అదే నివేదిక చెప్పింది. అంటే మన పిల్లల్లో అత్యధికులు చదివేది సాధారణ బడులలోనే. ఆ బడులలోని ఉపాధ్యాయులు హిందువులు కావచ్చు, క్రైస్తవులు కావచ్చు, ముస్లింలు కావచ్చు. మన బిడ్డల భవిష్యత్తు వారి చేతుల్లోనే ఉన్నది. మన సంఘాలు ఇప్పటివరకు రిజర్వేషన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి పోరాడాయి. అవన్నీ చేయవలసినవే. అయితే లెక్కల సార్‌తో కూర్చొని మాట్లాడిన సంఘం ఏదైనా ఉన్నదా అంటే వేళ్ల మీద లెక్క పెట్టవలసి వస్తుంది.

ఉపాధ్యాయులు కలిసి కూర్చోవాలన్నది మేము కనిపెట్టిన మాట కాదు. ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న ప్రాథమిక పాఠశాలలన్నింటినీ కలిపి స్కూల్ కాంప్లెక్సుగా నడపాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ సిఫారసు చేసింది. 2020 జాతీయ విద్యా విధానం అదే మాటను తిరిగి చెప్పింది. మధ్యలో యాభై ఏళ్లకు పైగా గడిచాయి. కాంప్లెక్సు సమావేశాలు జరగడం లేదని కాదు, జరుగుతున్నాయి. పోయి వచ్చిన మిత్రులను అడిగితే చెప్పేది ఒక్కటే: సర్క్యులర్లు చదివారు, ఆన్‌లైన్‌లో ఎక్కించవలసిన వివరాలు గుర్తుచేశారు, సంతకాలు పెట్టి వచ్చాము. ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా గుమాస్తాగిరీ చేసిన మాకు ఆ సమావేశాల తీరు చెప్పకనే తెలుసు. మినిట్స్ పుస్తకం నిండుతుంది. పిల్లల పేర్లు మాత్రం అందులో ఉండవు.

ఆ కార్యాలయ అనుభవంతోనే మరొక చిన్న విషయం చెప్పవలసి ఉన్నది. చిన్నదని కొట్టిపారేయవద్దు. మన పిల్లల పేర్లు ఒక్కొక్క కాగితంలో ఒక్కొక్క రీతిగా ఉంటాయి. అంగన్‌వాడీలో మాబున్నీ, ప్రాథమిక పాఠశాలలో మహబూబ్ బీ, ఆధార్‌లో షేక్ మహబూబ్‌బి, తండ్రి పేరు దగ్గర ఒకచోట బాషా, ఒకచోట బాష. ఇంటిపేరు ముందు రాయాలో వెనుక రాయాలో ఎవరికీ ఖాయంగా తెలియదు. పదవ తరగతి నామినల్ రోల్ పంపేటప్పుడు ఈ తప్పు బయటపడుతుంది. అప్పటికి దిద్దడానికి సమయం ఉండదు. తరువాత బీసీ–ఇ సర్టిఫికెట్టు దగ్గర, స్కాలర్‌షిప్పు దగ్గర, కళాశాలలో సీటు దగ్గర అదే అక్షరం అడ్డం పడుతుంది. ఒక్క దీర్ఘం లేని కారణంగా తిరిగి తిరిగి, చివరకు చదువే మానిన పిల్లలను మేము మా కౌంటరు ఇవతలి నుండి చూశాము. అంగన్‌వాడీ టీచరు, ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, ఉన్నత పాఠశాల గుమాస్తా ఒక పూట ఒక బల్ల చుట్టూ కూర్చొని అయిదవ తరగతిలోనే పేర్లు సరిచూస్తే తీరే సమస్య ఇది. దీనికి జీవో అక్కరలేదు.

ఉపాధ్యాయుల వైపు నుండి కూడా న్యాయంగా మాట్లాడాలి. మధ్యాహ్న భోజనం ఫోటో, హాజరు, రోజుకొక యాప్. విద్యా హక్కు చట్టం 27వ సెక్షను జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదని చెబుతున్నది. ఆ చట్టం ఉద్దేశం ఎంతవరకు నెరవేరుతున్నదో బడి గుమ్మం దగ్గర నిలబడితే తెలుస్తుంది. దానికి తోడు ఒక బడికి మరొక బడికి మధ్య పోటీ. 2022లో వచ్చిన 117వ నంబరు జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు చిన్న బడులు వణికిపోయాయి. 2025లో ఆ జీవో పోయింది, భయం పోలేదు. పిల్లల సంఖ్య తగ్గితే పోస్టు పోతుంది. కనుక జూన్ నెలలో ఉర్దూ బడి పంతులు, తెలుగు బడి పంతులు ఒకే ఇంటి గుమ్మం ముందు ఒకరి వెనుక ఒకరు నిలబడతారు. బిడ్డ కోసం పోటీపడిన ఇద్దరు ఆ బిడ్డ గురించి మాట్లాడుకోవాలంటే కొంత మనసు పెద్దది చేసుకోవాలి. అంత సులభమైన పని అని మేము అనము.

ఉర్దూ ఉపాధ్యాయుల కొరత వేరే కథ. రోస్టరులో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన ఉర్దూ పోస్టులకు ఆ భాష చదివిన అభ్యర్థులు దొరకరు. పోస్టు ఖాళీగా తరువాతి డీఎస్సీకి పోతుంది, అక్కడా దొరకరు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగినప్పుడు కూడా ఈ చిక్కుముడిని విప్పలేదు. దళిత, గిరిజన సోదరుల హక్కుకు నష్టం కలగకుండా, ఆ పోస్టులను వేరే సబ్జెక్టులో వారికి సర్ది, ఉర్దూ ఖాళీలను నింపే మార్గం వెతకమని ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉండాలి. 2022లో ఉర్దూను రాష్ట్ర రెండవ అధికార భాషగా చేస్తూ శాసనసభ బిల్లు ఆమోదించింది. సంతోషం. బోర్డు మీద ఉర్దూ కనిపిస్తున్నది, తరగతి గదిలో కుర్చీ ఖాళీగా ఉన్నది.

మన చరిత్రలో ఒక ఘట్టం ఉన్నది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో విమోచన ధనం చెల్లించలేని అక్షరాస్యులు ఉండగా, ఒక్కొక్కరు పదేసి మంది మదీనా పిల్లలకు రాయడం, చదవడం నేర్పితే అదే వారి విడుదలకు మూల్యమని ప్రవక్త ముహమ్మద్ (సఅసం) నిర్ణయించారని చరిత్రకారులు రాశారు. ఆ పంతుళ్లు ముస్లింలు కారు, మిత్రులు అసలే కారు. చదువు ఎవరి దగ్గర ఉంటే వారి దగ్గరికి పిల్లలను పంపిన సమాజం మనది. జుమా ప్రసంగాలలో ఈ సంగతి ఏటా వింటాము. పక్క వీధి తెలుగు బడి సార్‌ను ఇఫ్తార్‌కు పిలవడానికి మాత్రం సంకోచిస్తాము. మస్తాన్ వలీ దర్గా ఉరుసుకు కులం, మతం చూడకుండా జనం వచ్చే ఊరిలో ఈ సంకోచం ఎందుకో తెలియదు.

పుణెలో సావిత్రీబాయి ఫూలే నడిపిన బడుల సంగతి అందరికీ తెలిసినదే. 1856 అక్టోబరులో ఆమె జబ్బుపడి పుట్టింటికి పోయి, అక్కడి నుండి భర్త జోతీరావుకు ఒక ఉత్తరం రాశారు. తాను లేకపోవడం వలన పని భారం ఫాతిమా మీద పడి ఉంటుందనీ, అయినా ఆమె సణుక్కునే మనిషి కాదనీ అందులో ఉన్నది. ఫాతిమా షేక్ గురించి తరువాతి వారు ఎన్నో రాశారు, వాటిలో కొన్నింటిపై వివాదం నడుస్తున్నది. మాకు ఆ ఉత్తరంలోని ఒక్క ముక్క చాలు. ఒక పంతులమ్మ మంచాన పడితే రెండవ పంతులమ్మ తరగతి చూసుకున్నది. వారిద్దరి మధ్య అటువంటి నమ్మకం ఉన్నది.

జపానులో ఉపాధ్యాయులు నలుగురు కలిసి ఒక పాఠం తయారు చేసుకుంటారు. ఒకరు తరగతిలో చెబుతుంటే మిగిలినవారు వెనుక కూర్చొని పంతులును కాక పిల్లలను గమనిస్తారు. ఎక్కడ అర్థం కాలేదో చూసి, తరువాత పాఠాన్ని దిద్దుకుంటారు. తప్పు పట్టడానికి కాదు కనుక ఎవరికీ అవమానంగా ఉండదట. మన దగ్గర తరగతి గది వెనుక ఎవరైనా కూర్చుంటే అది తనిఖీ.

సన్మానాలు మానివేయాలని మేము అనడం లేదు. శాలువా కప్పించుకున్న పిల్లను చూసి పక్క పిల్ల చదువుతుంది. బట్టల కుట్టుపనికి పోయే తల్లి తన బిడ్డ పేరు మైకులో విని కన్నీళ్లు పెట్టుకోవడం మేము చూశాము. ఆ కన్నీటికి విలువ కట్టలేము. మా అభ్యంతరం శాలువా మీద కాదు, అది ఆగిపోయే చోటు మీద. 550 మార్కుల పిల్ల ఇల్లు మనకు తెలుసు. లెక్కల్లో 28 దగ్గర ఆగి, సప్లిమెంటరీకి రుసుము కట్టక, ఆటో షెడ్డులో చేరిన పిల్లవాడి ఇల్లు ఆ బడి సార్‌కు తప్ప ఎవరికీ తెలియదు. వానలు లేని ఏడు మన పల్లెల నుండి గుంటూరు వైపు మిరప కోతకు సుగ్గికి పోయే కుటుంబాలు ఇదే స్టేషనులో బండి ఎక్కుతాయి. వారి వెంట బడి వయసు పిల్లలు ఉంటారు. తిరిగి వచ్చిన ఆ పిల్లలను మూడు నెలల పాఠం దాటించి మళ్లీ తరగతిలో కూర్చోబెట్టిన పంతులమ్మకు ఏ సభలో మెమెంటో ఇచ్చాము?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిపారు. బురఖాలు వేసుకొని వచ్చిన తల్లులు బెంచీల మీద కూర్చొని ప్రగతి పత్రాలు చూసుకున్నారు. మంచిదే. అయితే పండుగలాగా ఏడాదికొకసారి వచ్చిపోతే చాలదు. పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలని చట్టం చెబుతున్నది. మన సంఘాల పెద్దలు ఆ ఎన్నిక రోజున బడికి పోయిన సందర్భాలు తక్కువ.

ఈ సంవత్సరం మా వంతుగా ఒక చిన్న మార్పు చేశాము. ఫ్లెక్సీ కట్టలేదు. ఆ డబ్బు పక్కన పెట్టాము. సన్మానానికి ఎంపికైన ప్రతి విద్యార్థి చేత ఒకటవ తరగతి నుండి చదువు చెప్పిన వారి పేర్లు కాగితం మీద రాయించి, అందుబాటులో ఉన్నవారందరినీ పిలిచాము. ముందు వరుస వారిదే. వేదిక మీద ప్రసంగాలు అరగంటలో ముగించి, ఉపాధ్యాయులను హాలులో ఒక పక్కన కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి మేము తప్పుకున్నాము. రావలసిన వారిలో సగం మందే వచ్చారు. వచ్చినవారు కూడా మొదట ఎవరి బడి వారు ఒక మూల చేరారు. అరగంట దాకా మాకు గుండె దడ.

మొన్న ఆదివారం వారిలో ముగ్గురు మళ్లీ కలిశారు. ఆపా అయిదవ తరగతి ఉర్దూ లెక్కల పుస్తకం తెచ్చారు, సార్ ఆరవ తరగతి పుస్తకం తెచ్చారు. భిన్నాల పాఠం తెరచి, కసర్ ఒక వైపు, భిన్నం ఒక వైపు, ఇంగ్లీషు మాట మూడవ వైపు రాయసాగారు. ఇంట్లో వాడే దక్కనీ మాట, అదే ఆధా, పావ్, పౌనా, వాటికి నాలుగవ గడి గీయాలా వద్దా అని చాలాసేపు వాదించుకున్నారు. పుస్తకంలో లేని మాట ఎందుకని ఆపా, పిల్లకు తెలిసిన మాట అదే కదమ్మా అని సార్. చివరకు గడి గీశారు. అరవై కాపీలు తీయించి జూన్ పన్నెండు లోపల ఇవ్వాలని మాకు పని చెప్పి లేచారు. జిరాక్సు దుకాణం వాడు కాపీకి రెండు రూపాయలంటున్నాడు. బేరం ఇంకా తెగలేదు.