రెండో కంట్లో వేయని చుక్క

2021 మే మూడో వారం. ముత్తుకూరు దగ్గర మా ఊళ్ళో మా నాయనకి జ్వరం మొదలై నాలుగో రోజు. ఆక్సీమీటర్ 93, 94 మధ్య ఊగుతోంది. నెల్లూరులో బెడ్ దొరుకుతుందేమోనని తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చేస్తున్నాను. ఆ సాయంత్రం నాయన మంచంలోంచే పిలిచాడు. ఫోన్లో ఒక వీడియో. కంట్లో చుక్కలు వేశాక ఊపిరి ఆడిందని ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ చెబుతున్నారు.

"ఏరా అబ్బయ్యా, కృష్ణపట్నం పోయి ఆ చుక్కలు ఏయించుకొద్దామా? పక్కనే గదా" అన్నాడు.

వద్దు అనడానికి నా దగ్గర కారణం లేదు. పోదాం అనడానికీ లేదు. ఆటో మాట్లాడేలోపే, 21వ తేదీన వేల మంది జనం, అంబులెన్సులు కృష్ణపట్నం మీద పడ్డాయి. పరీక్షలు అయ్యేదాకా పంపిణీ ఆపేయమంది ప్రభుత్వం. మేం పోలేదు. డాక్టరు ఫోన్లో చెప్పిన మందులు వేసుకుంటూ, బోర్లా పడుకుంటూ, పది రోజులకి నాయన లేచి తిరిగాడు.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు పోయి చుక్కలు వేయించుకుని ఉంటే? మా ఇంట్లో ఈపాటికి ఆనందయ్య గారి ఫోటోకి దండ ఉండేది. ఎవరెన్ని చెప్పినా మా నాయన వినేవాడు కాదు. నేను మాత్రం వినేవాడినా?

చెట్టు మందుని వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. కంట్లో వేసిన ఒక చెట్టు మందే వైద్యం దారి మార్చింది. దక్షిణ అమెరికా కొండల్లో జనం కోకా ఆకు నమిలేవాళ్ళు. నమిలితే నోరు మొద్దుబారుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు ఆ ఆకు నుంచి తీసిన కొకైన్‌ని నీళ్ళలో కలిపి ఒక కప్ప కంట్లో చుక్క వేశాడు. అప్పటికి అతని వయసు 26. నిమిషంలో కనుపాపని ముట్టుకున్నా కప్ప కదల్లేదు. మందు వేయని రెండో కన్నుని ముట్టుకుంటే మాత్రం ఉలిక్కిపడింది.

కథంతా ఆ రెండో కంట్లోనే ఉంది. అది లేకపోతే, కప్పే మొద్దుదేమో అనుకునేవాళ్ళం. తర్వాత కుందేలు, కుక్క, చివరికి తన కన్ను. అద్దం ముందు నిలబడి గుండుసూది తలతో కంటిని నొక్కి చూసుకున్నాడు. ఆ సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభలో దాన్ని చూపించారు. దారి ఖర్చులకి డబ్బుల్లేక కోలర్ వెళ్ళలేదు, మరొకరు చదివారు. నొప్పి తెలియకుండా కంటి ఆపరేషన్ చేసే రోజులు అలా మొదలయ్యాయి. పరీక్షలు అక్కడితో ఆగలేదు. కొకైన్ అలవాటవుతుందనీ, కంటిపొరని పాడుచేస్తుందనీ తర్వాత తేలింది. దాని జాగాలో వేరే మందులు వచ్చాయి.

కోలర్‌కి ఒక సుఖం ఉంది. మత్తు పనిచేసిందో లేదో నిమిషంలో తెలిసిపోతుంది, పోల్చడానికి పక్కనే ఇంకో కన్ను ఉంటుంది. కోవిడ్‌కి ఆ సుఖం లేదు. ఎక్కువ మంది మందు లేకపోయినా కోలుకునే జబ్బు అది, మా నాయనలాగా. అందుకే కొన్ని వందల మందిని తీసుకుని, సగం మందికి మందిచ్చి, సగం మందికి ఇవ్వకుండా పోల్చాలి. వీడియో చేసిన హెడ్‌మాస్టరు గారు కొద్ది రోజులకే ఆస్పత్రిలో పోయారు. ఆ ఒక్క చావుతో మందు పనికిరాదని తేలదు. ఆ ఒక్క వీడియోతో పనికొస్తుందనీ తేలలేదు.

మే 31న రాష్ట్ర ప్రభుత్వం తినే మందుల్లో కొన్నిటికి అనుమతి ఇచ్చింది. హాని కనపడలేదు, కోవిడ్ తగ్గుతుందనే ఆధారమూ లేదు, డాక్టరు మందులు ఆపొద్దు అని చెప్పింది. కంటి చుక్కలకి మాత్రం అప్పుడు అనుమతి ఇవ్వలేదు. మా ఊళ్ళో జనం చెవికెక్కింది "అనుమతి" అనే ఒక్క మాటే. హాని లేదు అంటే పనిచేస్తుందని కాదు. మంచినీళ్ళు కూడా హాని చేయవు.

ఆనందయ్య గారు డబ్బు తీసుకోకుండానే పంచారు. ఆయన మంచితనం మీద నాకు అనుమానం లేదు. కానీ మంచితనం ఒక సంగతి, మందు ఇంకో సంగతి. రెండోదానికి లెక్క కావాలి.

మొన్న నాయన పన్ను నొప్పికి లవంగ నూనె రాసుకుని వచ్చాడు. "నిమిషంలో మొద్దుబారింది. దీనికీ పరీక్ష కావాలంటావా?" అని నవ్వాడు.

"అక్కర్లే నాయనా. అది పనిచేస్తుందని నాకూ తెలుసు. నొప్పి పోయిందిగానీ పుచ్చు పోలేదు. లే, డెంటిస్టు దగ్గరికి పోదాం" అన్నాను.