రాధానగర్ ఒడ్డున

ఈ మధ్య అండమాను యాత్రను గూర్చిన రచనలు మా కార్యాలయమునకు తరచుగా వచ్చుచున్నవి. హైదరాబాదున విమానమెక్కినవారు మూడు గంటలు గడవకమునుపే ద్వీపములలో దిగుచున్న కాలమిది. చూచినదానిని వ్రాయవలెనను కోరిక కలుగుట సహజము, సంతోషించవలసినదియును. అయితే ఈ రచనలను వరుసగా చదువువారికి ఒక వింత అనుభవము తప్పదు. అన్నింటను ఇసుక పాలనురుగువలె నుండును. నీరు ఇంద్రనీలమే. సూర్యుడు కుంకుమబొట్టై క్రుంకును. రచయిత జన్మ ధన్యమగును. పేరు కొట్టివేసినచో అది అండమానో, లక్షద్వీపములో, మాల్దీవులో పోల్చుకొనుట బ్రహ్మకైనను తరము గాదు.

ఆ తీరము అందమైనది కాదని మేమనుట లేదు. 2004లో ‘టైమ్’ పత్రిక రాధానగర్ తీరమును ఆసియాలోనే మేలైనదిగా పేర్కొన్నది. పోర్ట్ బ్లెయిరు (2024లో దీనికి శ్రీ విజయపురమని పేరు మార్చిరి) నుండి ఓడలో రెండు మూడు గంటలు పోయినచో గోవిందనగర్ రేవు వచ్చును. అక్కడినుండి పోక తోటల నడుమ, అరటి తోటల నడుమ పది పన్నెండు కిలోమీటర్ల దారి. తుదకు ఆకాశమునంటు చెట్ల గుంపు, దానికావల సముద్రము. ఆ చెట్లను అక్కడివారు మహువా అందురు. అది మన ఇప్ప కాదు. మన సపోటాకు దగ్గరి చుట్టము.

మన కోస్తావారికి అక్కడ నిజముగా క్రొత్తయైన సంగతి వేరొకటి యున్నది. బంగాళాఖాతపు ఈ గట్టున పుట్టినవానికి సముద్రమనగా సూర్యుడు పుట్టు చోటు. రాధానగర్ పడమటి ముఖమున నున్నది గనుక అదే సముద్రములో సూర్యుడు అస్తమించుట వాడు చూచును. అదియు డిసెంబరులో అయిదు గంటల వేళకే! దేశమునకంతటికి కాలము నిర్ణయించు మధ్యాహ్నరేఖ మన కాకినాడ దాపున పోవుచున్నది. ద్వీపములు దానికి పదిన్నర డిగ్రీలు తూర్పున నున్నవి. అనగా సూర్యుని లెక్కకును గడియారపు లెక్కకును అక్కడ నలువది నిమిషములకు పైబడిన తేడా. మాకు చేరిన రచనలలో ఒక్కదానియందైనను ఈ మాట లేదు.

అంతకన్న పెద్ద లోపము మనుష్యులు లేకపోవుట. గోవిందనగర్, శ్యామనగర్, కృష్ణనగర్, రాధానగర్ — ఈ పేర్లు ఎవరు పెట్టిరి? దేశవిభజనలో తూర్పు బెంగాలున ఇల్లును, పొలమును విడిచివచ్చిన కాందిశీకులను 1950వ దశకమున ఈ ద్వీపమున నిలిపిరి. అడవి నరికి వరి పండించినవారు వారు. వెంట తెచ్చుకొనగలిగిన ఆస్తి ఏమంత యుండును? దేవుని పేర్లు మాత్రము తెచ్చుకొనిరి. ద్వీపమునకు మాత్రము 1857 నాటి తిరుగుబాటును అణచిన హేవ్‌లాక్ అను ఆంగ్ల సేనాని పేరుండెడిది. 2018 డిసెంబరు 30న దానిని స్వరాజ్ ద్వీపముగా మార్చిరి. సేనాని పేరును తీసివేయుటకు ప్రభుత్వము పూనుకొనవలసి వచ్చినది. ఇల్లు లేనివారు పెట్టిన రాధ పేరు జోలికి ఎవ్వరును పోలేదు.

ఇక మనవారి మాట. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ ద్వీపములలో నూటికి పదమూడుగురు తెలుగు మాటలాడువారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పోయిన మత్స్యకారులు వారిలో పెక్కుమంది. మన రచయిత వారు పట్టిన చేపను భుజించి, ‘ఎంత రుచి!’ యని వ్రాయును గాని పట్టినవాడు తన భాషవాడని యెరుగడు.

రాజన్ అను ఏనుగును గూర్చి మాత్రము ఇద్దరు ముగ్గురు విని వ్రాసిరి. అది సముద్రములో ఈదుట ఒక వినోదముగా వర్ణించిరి. కలప లాగుటకు ఆ జంతువును ద్వీపములకు తెచ్చిరి. పనికొరకు దానికి ఈత నేర్పిరి. కలప పని సన్నగిల్లిన పిదప ఆ కూలివాని ఈత యాత్రికులకు వేడుకయైనది. 2016లో అది చనిపోయినది.

ఆ తెల్లని ఇసుక మాటయు అంతే. అందులో కొంత ఒకప్పటి పగడపు దిబ్బయే. చిలుక ముక్కువంటి నోరుగల చేపలు పగడమును కొరికి, అరిగించుకొని ఇసుకగా విడుచును. నీరు మామూలుకన్న వేడెక్కినచో పగడపు జీవి తనకు రంగును, ఆహారమును ఇచ్చు సూక్ష్మమైన నాచును వెడలగొట్టి పాలిపోవును. 2010లో అండమాను పగడములకు ఈ యాపద పెద్దయెత్తున వచ్చినది. గుర్తుగా ఒక ముక్కను జేబులో వేసికొంటినని ఒకరు ముచ్చటగా వ్రాసిరి. చచ్చినదైనను పగడమును తీసికొనిపోవుట చట్టము నిషేధించినదని వారికి జాబు వ్రాసితిమి. బదులు రాలేదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, పదునైదు నెలలు తిరిగి వచ్చిరి. మజిలీలో నీరు మంచిదా, అంగళ్లున్నవా, దారి యెట్టిది, అచటి జనుల నడవడి యేమి — ఇవన్నియు వారు పూసగ్రుచ్చినట్లు వ్రాసికొనిరి. వారికి వర్ణన చేతగాక కాదు. తన వెనుక మరియొకడు ఆ దారిని వచ్చునని తలచిరి. వారి ‘కాశీయాత్రచరిత్ర’ను నేటికిని చదువుచుండుటకు కారణము అదియే యని మా నమ్మకము.

వచ్చినవానిలో ఒక్క రచన మాత్రము మమ్ము ఆపినది. పంపినవారు ఒక ఉపాధ్యాయురాలు, రెండే పుటలు. రాధానగర్‌లో బొండాలమ్ము వృద్ధురాలితో ఆమె వచ్చీరాని హిందీలో మాటలు కలిపినదట. ఆ ముసలమ్మ మామగారు పడవ దిగిననాడు ఇచట జలగలును, దోమలును తప్ప మరేమియు లేవట. తాను చూడని బెంగాలు పల్లెలోని చెరువును ఆమె మామగారి మాటలలోనే చెప్పుచుండగా చీకటి పడెనట. ఉపాధ్యాయురాలు సూర్యాస్తమయమును చూడలేకపోయినది.

ఆ రచనను వచ్చు ఆదివారము ప్రకటించుచున్నాము. అందు ఇసుక రంగు ఎక్కడను చెప్పలేదు.